ఏ సినిమాలోదీ కాని పాట

*15 ఏళ్ల వయసులో ఒకే ఒక్క పాటతో దేశాన్ని ఊపేసింది. ఆ మరుసటి ఏడాది సినిమా ఊసే లేకుండా తన పేరు మీద ఓ రికార్డు తెచ్చింది. 35 ఏళ్లకే వెళ్లిపోయింది. పాట పాడినవాళ్లకే చెందుతుందని మన చెవులకు నేర్పిన నాజియా హసన్ కథ ఇది.*

1982 వేసవి. కోనసీమలో మా అమ్మమ్మగారి ఊరు. దుబాయ్ నుంచి సెలవుకొచ్చిన మేనమామ అరుగు మీద పీట వేసి, దాని మీద నేషనల్ టూ-ఇన్-వన్ పెట్టాడు. దుమ్ము పడకుండా దానికి అత్తయ్య పూలగుడ్డతో కుట్టిన గలీబు ఉండేది. గలీబు తీసి, క్యాసెట్ పెట్టి, మీట నొక్కాడు. డోలక్ లేదు, సన్నాయి లేదు, తబలా లేదు. గోడ అవతల ఎవరో వరసగా తలుపు తడుతున్నట్టు ఒకటే దరువు. దాని మీద ఓ సన్నటి ఆడపిల్ల గొంతు.

"ఏ సినిమాలోది మావయ్యా?"

"ఏ సినిమాలోదీ కాదురా. ఆ పిల్ల పాడుకుంది, అంతే."

ఆ జవాబు నాకు ఎంతకీ మింగుడుపడలేదు. హీరోయిన్ లేకుండా పాట ఎలా ఉంటుంది? ఎవరి కోసం పాడుతుంది? అప్పటిదాకా నాకు తెలిసిన ప్రతి పాటకూ ఒక సినిమా ఉంది, దానికో పోస్టరు ఉంది, ఆ పోస్టరు మీదో మొహం ఉంది. ఈ పాటకు ఇంటిపేరు లేదు. అయినా ఆ సెలవులన్నీ మా అరుగు మీద అదే మోగింది. క్యాసెట్ పేరు 'డిస్కో దీవానే'. ఆ పిల్ల పేరు నాజియా హసన్.

కొత్త పాట చెవిన పడగానే "ఏ సినిమాలోది?" అని అడగడం మనకు ఇప్పటికీ అలవాటే. ఆ ప్రశ్నకు నలభై ఏళ్ల కిందటే ఓ స్కూలు పిల్ల జవాబు చెప్పింది.

ఇద్దరు బెంగళూరువాళ్లు, ఒక కరాచీ పిల్ల

నాజియా 1965 ఏప్రిల్ 3న కరాచీలో పుట్టింది. తండ్రి వ్యాపారి, తల్లి సంఘసేవకురాలు. బాల్యం కొంత కరాచీలో, కొంత లండన్‌లో గడిచింది. పాకిస్థాన్ టెలివిజన్‌లో సంగీత దర్శకుడు సొహైల్ రాణా పిల్లల కోసం నడిపిన పాటల కార్యక్రమంలో నాజియా, ఆమె తమ్ముడు జొహేబ్ పాడేవారు. పేరున్న గురువు దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి సాధన చేసిన గొంతు కాదు. ఇంట్లో, బడిలో, టీవీలో పిల్లలతో కలిసి పాడుకున్న గొంతు.

ఆ రోజుల్లో నటుడు, దర్శకుడు ఫిరోజ్ ఖాన్ 'ఖుర్బానీ' తీస్తున్నాడు. సినిమాకు సంగీతం కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ. అయితే క్లబ్బులో జీనత్ అమన్ మీద తీసే ఒక్క పాట మాత్రం వేరేగా, అచ్చం పాశ్చాత్య డిస్కోలా ఉండాలని ఆయన పట్టుదల. అందుకు లండన్‌లో స్థిరపడిన బిడ్డు అప్పయ్యను పట్టుకున్నాడు.

బిడ్డు సామాన్యుడు కాదు. బెంగళూరులో పుట్టి, గిటారు పట్టుకుని అక్కడి కుర్రాళ్లతో బ్యాండు కట్టి, 1960ల్లో ఇంగ్లండు చేరుకున్నాడు. అతను నిర్మించిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' 1974లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కింది. స్టూడియోలో అనుకున్న సమయం అయిపోవస్తుంటే, రికార్డుకు రెండోవైపు ఏదో ఒకటి ఉండాలి కదా అని చివరి కొన్ని నిమిషాల్లో హడావిడిగా పాడించిన పాట అది. 1976లో టీనా చార్లెస్‌తో పాడించిన 'ఐ లవ్ టు లవ్' కూడా బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఫిరోజ్ ఖాన్ పుట్టిందీ బెంగళూరులోనే. అలా ఒక ఊరివాళ్లిద్దరు సముద్రాల అవతల కలిశారు.

ఇక కావలసింది గొంతు. లండన్‌లో ఓ విందులో ఫిరోజ్ ఖాన్‌కు నాజియా తారసపడింది. బిడ్డు దగ్గరకు వెళ్లి ఓసారి పాడి వినిపించమన్నాడు. లతా మంగేష్కర్, ఆశా భోస్లే ఏలుతున్న హిందీ పాటల సామ్రాజ్యంలో ఓ పెద్ద సినిమా పాటను ఊరూపేరూ లేని బడి పిల్ల చేతిలో పెట్టడానికి చాలా గుండె కావాలి. ఆ గుండె ఆయనకు ఉంది.

ఒక గొంతు రెండయిన చోట

ఆ పాట 'ఆప్ జైసా కోయీ'. అది ఎలా తయారైందో కాస్త దగ్గరగా చూడాలి. ఎందుకంటే ఆ పాటలోని కొత్తదనమంతా రికార్డింగు గదిలోనే పుట్టింది.

అప్పట్లో బొంబాయిలోనైనా, మన పాటలు తయారయ్యే మద్రాసులోనైనా పద్ధతి ఒకటే. పెద్ద హాలులో పదుల మంది వాద్యకారులు కూర్చుంటారు. వయొలిన్లు ఓ పక్క, తబలా, డోలక్‌లు ఓ పక్క. గాయని చిన్న అద్దాల గదిలో నిలబడుతుంది. సంగీత దర్శకుడు చెయ్యి ఎత్తగానే అందరూ ఒక్కసారే మొదలుపెడతారు. మూడో చరణంలో ఫ్లూటు తప్పినా మళ్లీ పల్లవి నుంచి రావాల్సిందే. అందుకే ఆ పాటల్లో నిండుదనం ఉంటుంది, పదిమంది కూడిన ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది.

లండన్‌లో బిడ్డు చేసింది వేరు. అక్కడ 24 ట్రాకుల టేపు. రెండు అంగుళాల వెడల్పున్న ఆ టేపు మీద 24 దారులు పక్కపక్కనే నడుస్తాయి. డ్రమ్స్ ఒక దారిలో, బేస్ గిటారు ఇంకో దారిలో, కీబోర్డు మరో దారిలో. దేనికది విడిగా రికార్డు చేసి, ఆ తర్వాత తీరిగ్గా కలుపుకోవచ్చు. ఎవరు తప్పితే వాళ్ల దారి ఒక్కటే చెరిపి మళ్లీ పాడించవచ్చు.

నాజియా గొంతు సన్నం. కాస్త ముక్కుతో పలికే గొంతు. డిస్కో డ్రమ్ముల హోరులో అలాంటి గొంతు నిలబడటం కష్టం. బిడ్డు దానికో ఉపాయం పన్నాడు. ఆమె చేత పాట పాడించాడు. పాడినది ఆమె చెవులకు హెడ్‌ఫోన్లలో వినిపిస్తూ, దాని మీదే మళ్లీ పాడించాడు. మనిషి ఒకే పాటను రెండుసార్లు అచ్చు గుద్దినట్టు పాడలేదు. ఓ అక్షరం వెంట్రుకవాసి ముందు పడుతుంది, ఓ స్వరం రవ్వంత పైకి పోతుంది. ఆ చిన్న తేడాలతో రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే, సన్నటి నూలుపోగు రెండు పేటల దారమైనట్టు చిక్కబడుతుంది. ఆ పాటలో మనం వినేది ఒక అమ్మాయి తనతో తనే కలిసి పాడుకోవడం.

మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇప్పుడు వినండి. పల్లవిలో దీర్ఘాల చివర ఆ రెండో నాజియా చిన్నగా పక్కకు జరగడం తెలుస్తుంది. సంగతులు లేవు, గమకాలు లేవు. పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తూ ఎవరో పాడుకుంటున్నంత సాదాగా ఉంటుంది. ఆ సాదాతనమే జనానికి కొత్తగా తోచింది.

'ఖుర్బానీ' 1980 జూన్‌లో విడుదలై ఆ ఏటి అతిపెద్ద హిట్లలో ఒకటిగా నిలిచింది. సినిమాలోని మిగతా పాటలూ ఆడాయి. కానీ దేశమంతా నోట నానింది ఈ ఒక్కటే. 1981లో నాజియాకు ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. అప్పటికి ఆమెకు 15 ఏళ్లు. ఆ విభాగంలో అంత చిన్న వయసులో అవార్డు అందుకున్నవాళ్లు మరొకరు లేరు. ఫిల్మ్‌ఫేర్ గెలుచుకున్న తొలి పాకిస్థానీ కూడా ఆమే.

తెర మీద వేరొకరి పెదాలు

ఇంత జరిగినా ఆ పాట తెర మీద జీనత్ అమన్‌దే. సినిమా పాట స్వభావమే అది. గొంతు ఒకరిది, పెదాలు మరొకరివి. సుశీలమ్మ పాడితే సావిత్రి పాడినట్టు, జానకమ్మ పాడితే ఇంకెవరో పాడినట్టు నమ్మేస్తాం. ఆ నమ్మకం ఎంతో అందమైనది, మన సినిమా పాటకు ప్రాణం పోసింది అదే. అయితే దానికి ఓ వెల ఉంది. పాడిన మనిషి ఎప్పుడూ తెర వెనకే ఉండిపోవాలి. తన వయసుకు, తన మనసుకు తగ్గ పాట కాకుండా కథలో పాత్రకు తగ్గ పాటే పాడాలి.

సినిమాకు బయట పాటలు లేకపోలేదు. రికార్డు కంపెనీలు వాటిని 'ప్రైవేటు పాటలు' అనేవి. మన ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివాళ్లు తీర్చిన లలిత గీతాలు, ఘంటసాల గొంతులో ఇంటింటా మోగిన 'పుష్పవిలాపం', ఎం.ఎస్. రామారావు 'సుందరకాండ' మన సొంత ఆస్తులు. అయితే అవి భక్తి, కవిత్వం, సంప్రదాయం. బడికెళ్లే వయసు పిల్లలు తమ వయసు కబుర్లు తామే పాడుకుని, తమ ఫొటోతో అమ్ముకోవడం అన్నది మాత్రం ఉపఖండంలో కొత్త సంగతి.

బిడ్డు ఆ కొత్త సంగతికే తెగించాడు. 1981లో 'డిస్కో దీవానే' వచ్చింది. నాజియాకు 16, జొహేబ్‌కు ఇంకా 15 నిండలేదు. అక్కాతమ్ముళ్లు కలిసి పాడారు. కొన్ని పాటలకు జొహేబే బాణీలు కట్టాడు. మన దేశంలో దాన్ని విడుదల చేసింది గ్రామఫోన్ కంపెనీ, అంటే మన పెద్దవాళ్లు 'కుక్క బొమ్మ కంపెనీ' అనే హెచ్.ఎం.వి. రికార్డు కవరు మీద హీరో లేడు, హీరోయిన్ లేదు. పాడిన పిల్లలే ఉన్నారు.

నిచ్చెన లేని చోట శిఖరం

పాప్ సంగీతం పుట్టిన దేశాల్లో గాయకుల జాతకం చార్టుల్లో తెలుస్తుంది. బ్రిటన్‌లో 1952 నవంబరులో ఓ సంగీత పత్రిక దుకాణాలకు ఫోన్లు చేసి, ఏ రికార్డు ఎంత అమ్ముడైందో అడిగి వరస కట్టడంతో ఆ పద్ధతి మొదలైంది. అమెరికాలో బిల్‌బోర్డు 'హాట్ 100' 1958లో వచ్చింది. వారం వారం లెక్క. ఎక్కితే ఎక్కినట్టు, దిగితే దిగినట్టు అందరికీ తెలిసిపోతుంది.

మనకూ సరిగ్గా 1952లోనే ఓ నిచ్చెన దొరికింది. ఆ ఏడాది సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు తలుపులు మూసేశారు. అవి సంస్కారాన్ని చెడగొడతాయన్నది ఆయన అభిప్రాయం. జనం రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. ఆ డిసెంబరులోనే అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఉత్తరాలు చూసి పాటలను మెట్టు మెట్టుగా వరస కట్టేవారు. బుధవారం రాత్రి ఏ పాట ఏ మెట్టు మీద ఉందో వినడానికి ఊళ్లకు ఊళ్లు చెవులు రిక్కించేవి. కానీ ఆ నిచ్చెన సినిమా పాటలది. 1957లో వివిధ భారతి వచ్చి సినిమా పాటకు మళ్లీ పీట వేసినా, ఆ పీట మీద సినిమా కాని పాప్ పాటకు చోటు అంతంతమాత్రమే.

అంటే 'డిస్కో దీవానే' వచ్చేనాటికి అది ఎక్కడానికి మన దగ్గర నిచ్చెనే లేదు. పోస్టరు లేదు, ట్రైలరు లేదు, థియేటరు లేదు. మరి ఆ రికార్డు జనంలోకి ఎలా వెళ్లింది?

చేతి నుంచి చేతికి వెళ్లింది. క్యాసెట్ అప్పుడప్పుడే ఊళ్లలోకి దిగుతున్న కాలమది. గల్ఫ్‌కు వెళ్లిన కోనసీమ, కడప, కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు సెలవులకు వస్తూ టూ-ఇన్-వన్‌లు మోసుకొచ్చారు. అరబ్బు దేశాల్లో ఒకే గదిలో పడుకున్న హైదరాబాదీ, కేరళ, పంజాబ్, కరాచీ కూలీల మధ్య క్యాసెట్లు చేతులు మారాయి. ఇక్కడ బజార్లో రికార్డింగ్ షాపులు వెలిశాయి. కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ సి-60 క్యాసెట్ ఇస్తే సాయంత్రానికి నింపి ఇచ్చేవాళ్లు. రీలు వదులైతే రంధ్రంలో పెన్సిలు దూర్చి తిప్పుకునేవాళ్లం. అలా నింపించుకున్న క్యాసెట్లు ఏ కంపెనీ లెక్కలోకీ రావు, ఏ చార్టుకూ అందవు. నాజియా విజయాన్ని కొలవాలంటే అమ్మకాల కాగితం ఒక్కటే చాలదు. సినిమా తోడు లేకుండా మారుమూల అరుగుల దాకా నడిచొచ్చిందన్నదే దాని కొలత.

ఆ అలకు సినిమా కూడా తలవంచింది. 1982లో బప్పీ లహరి పాటలతో 'డిస్కో డాన్సర్' వచ్చింది. 1984లో మన దగ్గర బాలకృష్ణ హీరోగా 'డిస్కో కింగ్' వచ్చింది. 1986లో 'సింహాసనం'తో బప్పీ లహరి స్వయంగా తెలుగుకు వచ్చి ఆ దరువును మనకు మప్పేశాడు. వెలుగుల గళ్ల నేల, తిరిగే అద్దాల బంతి మన సెట్లలో మామూలైపోయాయి. ఈ హోరంతటికీ ముందు నడిచింది ఓ పిల్ల సన్నటి గొంతు.

తల మీద చెంగు లాగిన కాలంలో

నాజియా స్వదేశంలో అప్పుడు జనరల్ జియా ఉల్ హక్ సైనిక పాలన నడుస్తోంది. టీవీలో వార్తలు చదివే ఆడవాళ్లు తల మీద దుపట్టా కప్పుకోవాలని ఆజ్ఞలు వచ్చిన రోజులు. నాట్యం మీద చిన్నచూపు, పాట మీద అనుమానం. అలాంటి చోట జుట్టు వదులుకుని, నిర్భయంగా కెమెరా కళ్లలోకి చూస్తూ ప్రేమ గురించి పాడే 16 ఏళ్ల పిల్ల ఎంత సాహసమో ఊహించండి. ఆమె ఎక్కడా జెండా ఎత్తలేదు, నినాదం ఇవ్వలేదు. నవ్వుతూ పాడింది. అదే ఎంతోమంది ఆడపిల్లలకు ఊపిరి ఆడనిచ్చింది.

1982లో 'బూమ్ బూమ్' వచ్చింది. ఆ పాటలను కుమార్ గౌరవ్ హీరోగా వచ్చిన 'స్టార్' సినిమాలో వాడుకున్నారు. సినిమా ఆడలేదు. పాటలు ఆడాయి. సినిమా వల్ల పాట బతకడం మనకు తెలుసు. ఇక్కడ సినిమా పోయినా పాట తన కాళ్ల మీద తను నిలబడింది. నాజియా ఎంచుకున్న దారికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. 1984లో 'యంగ్ తరంగ్'కు వీడియోలు కూడా తీశారు. పాటకు కథ, హీరో లేకుండా పాడినవాళ్లే తెర మీద కనిపించే పద్ధతి మన ప్రాంతంలో అప్పటికి ఇంకా కొత్త. 1987లో 'హాట్‌లైన్' వచ్చింది.

జియా పోయి, ఎన్నికలు జరిగి, బేనజీర్ భుట్టో ప్రధాని అయ్యాక 1989లో పాకిస్థాన్ టెలివిజన్‌లో 'మ్యూజిక్ 89' అనే కార్యక్రమం వచ్చింది. షోయబ్ మన్సూర్ తీసిన ఆ కార్యక్రమానికి నాజియా, జొహేబ్ వ్యాఖ్యాతలు. వైటల్ సైన్స్ వంటి కొత్త బృందాలను ముందుకు తెచ్చిన వేదిక అది. మతపెద్దలు మండిపడ్డారు. కానీ గేటు తెరుచుకుంది. తర్వాతి పదేళ్లలో ఆ దేశపు పాప్, రాక్ బృందాలు మన కాలేజీ హాస్టళ్ల దాకా వచ్చాయంటే దారి వేసినవాళ్లలో వీళ్లిద్దరూ ముందుంటారు.

వద్దనుకున్న పాట

1992లో 'కెమెరా కెమెరా' వచ్చింది. మత్తుమందులకు వ్యతిరేకంగా అక్కాతమ్ముళ్లు నడిపిన ప్రచారంలో అదీ ఒక భాగం. నాజియా చివరి ఆల్బమ్ అదే. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. గాయకులు అసలు మొదలుపెట్టే వయసులో ఆమె ముగించింది.

ఆ తర్వాత బిడ్డు ఓ పాట కట్టాడు. నాజియానే మనసులో పెట్టుకుని కట్టాడు. పేరు 'మేడ్ ఇన్ ఇండియా'. పాకిస్థానీ అయిన తను అలాంటి పాట పాడితే తన దేశంలో మనసులు నొచ్చుకుంటాయని ఆమె వద్దంది. ఆ పాట అలీషా చినాయ్ చేతికి వెళ్లింది. 1995లో మోత మోగిపోయింది. శాటిలైట్ చానళ్లు వచ్చిన కొత్తలో దాని వీడియో కనిపించని పూట లేదు. అదే ఏడు దలేర్ మెహందీ, మరుసటి ఏడు లక్కీ అలీ, హరిహరన్-లెస్లీ లూయిస్‌ల కొలోనియల్ కజిన్స్. సినిమా కాని పాటకు మన దేశంలో ఓ స్వర్ణకాలం నడిచింది. తెలుగులోనూ 2000 ప్రాంతంలో స్మిత 'హాయ్ రబ్బా'తో పాప్ ఆల్బమ్‌కు పేరు తెచ్చింది. వీళ్లందరూ ఎక్కిన మేడకు పునాది రాయి 1981లో పడింది.

ఆ పాట వదులుకున్నందుకు నాజియాను తప్పుపట్టలేం. రెండు దేశాల మధ్య గీత ఎంత పదునైనదో ఆమెకు తెలుసు. ఆమెకు తొలి పాట ఇచ్చింది ఈ దేశం, తొలి అవార్డు ఇచ్చింది ఈ దేశం. పుట్టింది ఆ దేశంలో. ఎవరినీ నొప్పించకూడదనుకుంది. ఆ మర్యాద విలువ ఓ నంబర్ వన్ పాట.

చార్టుకు ఆవల

పాడుతున్న రోజుల్లోనే ఆమె చదువు మానలేదు. లండన్‌లో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, ఎకనామిక్స్ చదివింది. ఆపైన న్యాయశాస్త్రంలో పట్టా తీసుకుంది. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితిలో పనిచేసింది. కరాచీ మురికివాడల పిల్లల కోసం, మత్తులో కూరుకుపోయిన కుర్రాళ్ల కోసం తన పేరును పెట్టుబడిగా పెట్టింది. పాట తెచ్చిన పేరును మళ్లీ పాటలోనే ఖర్చు చేయాలన్న నియమం ఆమె పెట్టుకోలేదు.

1995లో పెళ్లి. 1997లో కొడుకు పుట్టాడు. అప్పటికే క్యాన్సర్ ఆమె శరీరంలో తిష్ఠ వేసింది. 2000 ఆగస్టు 13న లండన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో నాజియా కన్నుమూసింది. వయసు 35. ఆ మర్నాడు పాకిస్థాన్ స్వాతంత్ర్య దినం, ఎల్లుండి మనది. ఆమె పాటను పంచుకున్న రెండు దేశాలూ పండగకు సిద్ధమవుతున్న రోజు అది. 2002లో పాకిస్థాన్ ప్రభుత్వం 'ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్' పురస్కారంతో ఆమెను స్మరించుకుంది.

పాట మాత్రం పోలేదు. 2012లో 'స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్' సినిమాలో 'డిస్కో దీవానే'ను మళ్లీ కట్టినప్పుడు నాజియా గొంతును కూడా అందులో ఉంచారు. 2018లో ఆమె 53వ జయంతికి గూగుల్ తన ముఖపత్రం మీద ఆమె బొమ్మ వేసింది. 2022లో 'యాన్ యాక్షన్ హీరో' సినిమాలో 'ఆప్ జైసా కోయీ' మళ్లీ వచ్చింది. సినిమాను వదిలి నడిచిన పాటను సినిమాలే వెతుక్కుంటూ వచ్చాయి.

ఇక మన వంతు

నాజియాను గొప్ప గాయని అనడానికి కొందరు సంగీతజ్ఞులు ఒప్పుకోరు. లతకున్న శ్రుతిశుద్ధి, ఆశకున్న ఒడుపు ఆమెకు లేవంటారు. నిజమే, లేవు. కానీ ఆమె పాడింది ఆ బడిలో మార్కుల కోసం కాదు. శిక్షణ పొందిన గొంతు మాత్రమే రికార్డుకెక్కాలని, పాత్ర కోసం మాత్రమే పాడాలని, తెర వెనక మాత్రమే నిలబడాలని అప్పటికి ఉన్న మూడు కట్టుబాట్లనూ ఒక్క రికార్డుతో దాటింది. ఇవాళ గదిలో మైకు, ల్యాప్‌టాప్ పెట్టుకుని తన పాట తనే రాసి, కట్టి, పాడి లోకం మీదికి వదులుతున్న ప్రతి తెలుగు కుర్రాడికీ, కుర్రదానికీ ఆమె పెద్దక్క.

అలాంటి పిల్లలు ఇప్పుడు మన చుట్టూ ఉన్నారు. విజయవాడలో, వరంగల్‌లో, హైదరాబాదులో, అమెరికాలో ఉంటూ తెలుగులో పాడుతున్నవాళ్లలో. వాళ్లకు స్టూడియో దొరుకుతోంది, 24 కాదు, లెక్కలేనన్ని ట్రాకులు దొరుకుతున్నాయి. వినేవాళ్లే దొరకడం లేదు. ఎందుకంటే మనం పాట వినకముందే సినిమా పేరు అడుగుతున్నాం.

ఈ ఆదివారం ఓ పని చేయండి. 'డిస్కో దీవానే' మొదటి పాట నుంచి చివరిదాకా ఒక్కసారి వినండి. ఆ తర్వాత సినిమాతో సంబంధం లేని తెలుగు పాట ఒకటి, పేరు తెలియని పిల్లలు పాడినది, వెతికి పట్టుకుని వినండి. నచ్చితే ఇంకొకరికి పంపండి. వాళ్లు "ఏ సినిమాలోది?" అని అడుగుతారు. పాడిన పిల్ల పేరు చెప్పండి.

---

నాజియా రికార్డుల వరస

1980: 'ఖుర్బానీ' సినిమాలో 'ఆప్ జైసా కోయీ'
1981: ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ గాయని, 'డిస్కో దీవానే'
1982: 'బూమ్ బూమ్'
1984: 'యంగ్ తరంగ్'
1987: 'హాట్‌లైన్'
1992: 'కెమెరా కెమెరా'